డబ్బా మీద మూడు వేలు, తొట్టిలో ఏడొందలు

ఉప్పునీటి అక్వేరియానికి పంపు కొందామని షాపుకు వెళితే డబ్బా మీద ముందు కంటపడేది పెద్దక్షరాల్లో ఉన్న ఒక్క అంకె: గంటకు 3,000 లీటర్లు. పక్కనే 2,000 లీటర్ల పంపు ఇంకోటి, ధరలో పెద్ద తేడా ఉండదు. ఎవరి చెయ్యైనా మూడు వేల దాని మీదకే పోతుంది. తీరా ఇంట్లో బిగించాక తొట్టిలోకి గంటకు 700 లీటర్లే రావచ్చు. షాపులో వదిలేసి వచ్చిన రెండు వేల పంపు అదే తొట్టికి 1,100 ఇచ్చేది. కంపెనీ అబద్ధం రాయలేదు. మనం చదవాల్సిన రెండో అంకె అదే డబ్బా మీద చిన్నక్షరాల్లో ఉంది. దాని పేరు హెడ్.

బోరు మోటారు కొన్న రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఎన్ని అడుగుల నుంచి తోడాలో చెప్పకుండా ఆయన మోటారు బేరం ఆడడు. అక్వేరియం దగ్గరకు వచ్చేసరికి ఎత్తు మూడడుగులే కదా అని అందరం ఆ ప్రశ్న మరిచిపోతాం. చిన్న పంపుకు ఆ మూడడుగులే కొండ.

ముందు తొట్టిలో నీళ్లెన్నో తేల్చుకుందాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టి అనుకోండి. తొమ్మిది ఘనపుటడుగులు. ఘనపుటడుక్కి 28.3 లీటర్ల చొప్పున 255 లీటర్లు. షాపులో చెప్పేది ఈ అంకే. కానీ అంచుదాకా నీళ్లు పోయం. పైన రెండంగుళాలు వదిలితే 226. ఇసుక, రాళ్లు కలిసి పాతిక లీటర్ల చోటు ఆక్రమిస్తాయి. మిగిలేది 200. ఇక్కడి నుంచి లెక్కలన్నీ ఈ 200 మీదే.

ఈ నీళ్లు ఎందుకు తిరగాలి? మొదటి కారణం ఊపిరి. 26 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరుగుతుంది. అదే వేడిమి దగ్గర సముద్రపు నీళ్లలో 6.7 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. అంటే మన తొట్టి మొత్తంలో ఉండే ఆక్సిజన్ 1.34 గ్రాములు. చేపలు, రాళ్లను పట్టుకున్న బాక్టీరియా, కుళ్లే మేత, అన్నీ దీన్నే పంచుకోవాలి. పైపొర కదులుతూ గాలిని తాకుతుంటేనే ఖర్చయింది మళ్లీ చేరుతుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరేటర్లు తిప్పేది ఇందుకే. రెండో కారణం మురికి: ప్రవాహం అందని మూల మేత ముక్కలు, చేపల మలం పేరుకుని అక్కడే కుళ్లుతాయి.

ఎంత తిప్పాలన్న దానికి పెంపకందారుల్లో ఒక వాడుక లెక్క ఉంది. తొట్టి నీళ్లకు గంటకు ఎన్ని రెట్లు కదలాలి అని. చేపలు మాత్రమే ఉంటే పది రెట్లు సరిపోతాయంటారు. మెత్తని పగడాలకు పది నుంచి ఇరవై. కొమ్మలు కొమ్మలుగా పెరిగే రాతి పగడాలకు ముప్పై నుంచి యాభై, ఆ పైన కూడా. రాతి పగడాల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి: మన దేశంలో ఇవి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రంలోంచి తీయడమే కాదు, చచ్చిన పగడపు రాయిని తెచ్చి అమ్మినా కేసే. అందుకే ఇక్కడ చేపల తొట్టి లెక్కే చూస్తున్నాం. మన 200 లీటర్లకు పది రెట్లంటే గంటకు 2,000 లీటర్లు.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. 2,000 లీటర్లు కావాలి కదా, 2,000 పంపు ఒకటి వేస్తే సరి అనుకుంటారు. నిజానికి తొట్టిలో రెండు వేరువేరు పనులున్నాయి. కింద స్టాండులో పెట్టిన సంప్‌లో నీళ్లు శుభ్రమయ్యాక వాటిని మళ్లీ పైకి ఎత్తడం ఒకటి. తొట్టిలో ఉన్న నీళ్లను ఉన్నచోటనే కదిలించడం రెండోది. ఎత్తడానికి రిటర్న్ పంపు, కదిలించడానికి వేవ్‌మేకర్. ఈ రెండు పనుల ఖరీదులో ఎంత తేడా ఉందో చూస్తే ఒక్క పంపుతో సరిపెట్టాలన్న ఆలోచన మళ్లీ రాదు.

ఎత్తే పని

సంప్ గుండా గంటకు ఐదు రెట్లు పోతే చాలు. అంటే 1,000 లీటర్లు. అంతకు మించి తిప్పితే ఫిల్టర్ పని పెరిగేదేమీ పెద్దగా ఉండదు, పైనుంచి కిందికి పడే నీళ్ల చప్పుడు మాత్రం హాల్లో టీవీని మించుతుంది.

స్టాండు ఎత్తు 75 సెంటీమీటర్లు, దాని మీద తొట్టిలో నీళ్లు 40. మొత్తం 115. కింద సంప్‌లో నీటిమట్టం నేల నుంచి 15 దగ్గర ఉంది. తీసేస్తే సరిగ్గా మీటరు. పంపు సంప్ అడుగున మునిగి ఉన్నా లెక్క దాని దగ్గర్నుంచి కాదు, సంప్ నీటిమట్టం నుంచి తొట్టి నీటిమట్టం దాకా.

దీని మీద పైపు రాపిడి కలుస్తుంది. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లున్న పైపులో గంటకు 1,000 లీటర్లు పోతుంటే ప్రతి మీటరు పైపూ సుమారు 5 సెంటీమీటర్ల ఎత్తుతో సమానమైన భారం వేస్తుంది. రెండు మీటర్ల పైపు, మూడు ఎల్బోలు అనుకోండి. ఈ సైజులో ఒక్కో ఎల్బో అరమీటరు పైచిలుకు పైపుతో సమానం. అంతా కలిపి నాలుగు మీటర్లు, అంటే 20 సెంటీమీటర్లు. నాజిల్‌కు, నీళ్లు వెనక్కి రాకుండా మధ్యలో ఎన్‌ఆర్‌వీ (ఒకవైపే తెరుచుకునే వాల్వు) పెడితే దానికి ఇంకో 10. మొత్తం హెడ్ 1.3 మీటర్లు.

పైపు ఒక్క సైజు తగ్గిస్తే ఏమవుతుందో చూడండి. పైపు వ్యాసం తగ్గితే రాపిడి దాని ఐదో ఘాతంలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల చోట 15 వేస్తే నాలుగు రెట్లు పెరిగి, 20 సెంటీమీటర్లు కాస్తా 80 అవుతుంది. పంపుకు వేలు పోసి పైపు దగ్గర యాభై రూపాయలు మిగుల్చుకోవడం అన్నమాట. ప్లంబర్ 'అంగుళం పైపే సార్' అన్నా స్కేలు పెట్టి లోపలి వ్యాసం కొలవండి. అంగుళం సీపీవీసీ పైపు లోపల 23 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండు పంపుల దగ్గరకు వద్దాం. డబ్బా మీద రాసే లీటర్లు హెడ్ సున్నా ఉన్నప్పటివి, అంటే బకెట్లో పెట్టి ఊరికే తిప్పినప్పటివి. గరిష్ఠ హెడ్ అంటే ఆ ఎత్తుకు నీళ్లు చేరి అక్కడే నిలిచిపోతాయని, ఒక్క చుక్క బయటికి రాదని. ఈ రెండు కొసల మధ్య గీత గీస్తే మన ఎత్తు దగ్గర ఎంత వస్తుందో అందాజు దొరుకుతుంది. కంపెనీ ఇచ్చే అసలు గీత సాధారణంగా కొంచెం బయటికి ఉబ్బి ఉంటుంది కాబట్టి మన అందాజు జాగ్రత్త వైపే ఉంటుంది.

మొదటి పంపు 3,000 లీటర్లు, గరిష్ఠ హెడ్ 1.5 మీటర్లు. 1.3 మీటర్ల దగ్గర గీత ప్రకారం దానికి మిగిలేది 400 లీటర్లే. నీళ్లు తగ్గితే రాపిడీ తగ్గుతుంది, హెడ్ 1.15 దాకా దిగుతుంది, అలా సర్దుకుని చివరికి 700 దగ్గర కుదురుతుంది. రెండోది 2,000 లీటర్లు, హెడ్ 3 మీటర్లు. ఇది 1,100 దగ్గర నిలుస్తుంది. మనకు కావాల్సింది 1,000. బేరం ముగిసింది. గరిష్ఠ హెడ్ మన ఎత్తుకు కనీసం రెట్టింపు లేని పంపును నేనైతే చేతిలోకి కూడా తీసుకోను.

ఆన్‌లైన్లో అమెరికా పంపుల అంకెలు చూసేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. వాళ్ల గ్యాలన్ 3.785 లీటర్లు, కాబట్టి 500 జీపీహెచ్ అంటే 1,900 లీటర్లకు కాస్త తక్కువ. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. రెండు దేశాల్లోనూ అమ్మే ఏసీ పంపు మన దగ్గర ఆరింట ఐదొంతుల వేగంతోనే తిరుగుతుంది. నీళ్లు 83 శాతానికి, హెడ్ 69 శాతానికి పడిపోతాయి.

డీసీ పంపులకు ఈ తంటా లేదు. పైగా వేగం తగ్గించుకునే మీట ఉంటుంది. కానీ ఆ మీట చేసే పని చాలామంది అనుకునేట్టు ఉండదు. వేగం తగ్గితే లీటర్లు అదే నిష్పత్తిలో తగ్గుతాయి, హెడ్ మాత్రం దాని వర్గంలో తగ్గుతుంది. మన 3 మీటర్ల పంపును 80 శాతం వేగానికి తెస్తే గరిష్ఠ హెడ్ 1.92 అవుతుంది, తొట్టిలోకి వచ్చేవి 1,100 నుంచి 650కి దిగుతాయి. 58 శాతానికి తెస్తే హెడ్ మీటరు దగ్గరికి వస్తుంది. పంపు గుయ్‌మంటూ తిరుగుతూనే ఉంటుంది, తొట్టిలోకి చుక్క రాదు. పంపు పాడైందని షాపుకు మోసుకెళ్లే ముందు ఆ మీట ఎక్కడుందో చూసుకోండి.

తిప్పే పని

రిటర్న్ పంపు 1,100 ఇచ్చింది. మిగతా 900 వేవ్‌మేకర్ చూసుకోవాలి. అంతకు నాలుగింతల పైనే, గంటకు 4,000 లీటర్లు కదిలించే చిన్న వేవ్‌మేకర్లు 7 వాట్ల దగ్గరే దొరుకుతాయి. అంత చౌకగా ఎలా?

1,100 లీటర్లను 1.36 మీటర్ల హెడ్ మీదుగా ఎత్తడానికి నీటికి అందాల్సిన శక్తి సుమారు 4 వాట్లు. అదే 4,000 లీటర్లను ఐదు సెంటీమీటర్ల వ్యాసమున్న నోటి గుండా తోయడానికి నీటికి అందాల్సింది 0.2 వాట్లు కూడా కాదు. నాలుగింతలు నీళ్లు, ఇరవయ్యో వంతు శక్తి. ఎత్తనక్కర్లేని నీళ్లు అంత తేలిక. పోనీ రిటర్న్ పంపుతోనే 4,000 లీటర్లు తిప్పుదామంటే, ప్రవాహం నాలుగు రెట్లయితే రాపిడి పదహారు రెట్లవుతుంది. 30 సెంటీమీటర్ల రాపిడి 4.8 మీటర్లు! రెండో అంతస్తుకు నీళ్లెక్కించే మోటారు పెట్టుకోవాలి.

ఎన్ని రెట్లు అన్న లెక్క కూడా ఇక్కడికి వచ్చేసరికి పలచబడిపోతుంది. చేపకు తగిలేది రెట్లు కాదు, వేగం. మన వేవ్‌మేకర్ నోటి దగ్గర నీటి వేగం సెకనుకు 57 సెంటీమీటర్లు. కొంత దూరం దాకా ఆ వేగం నిలుస్తుంది, ఆ తర్వాత నోటి నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ సగమవుతుంది. రాళ్లు, గోడలు అడ్డం లేవనుకుంటే 60 సెంటీమీటర్ల దూరంలో 29, అవతలి గోడ దగ్గర 15. ఎదురుగా ఒక్క రాయి పెట్టండి, దాని వెనక నీళ్లు నిలిచిపోతాయి. డబ్బా మీద అదే 4,000, రాయి వెనక సున్నా.

అందుకే కొలిచి చూడాలి, ఖర్చేమీ లేదు. గాజు మీద బయటి వైపు 30 సెంటీమీటర్ల దూరంలో రెండు టేపు ముక్కలు అంటించండి. మేత పలుకులు నాలుగు నలిపి వేవ్‌మేకర్ ముందు వదిలి ఫోనులో వీడియో తీయండి. మొదటి టేపు నుంచి రెండో టేపుకు ఒక పలుకు మూడు సెకన్లలో చేరితే అక్కడి వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు. ఎగువన, నడిమధ్యన, అడుగున, రాళ్ల వెనక విడివిడిగా చూడండి. వీడియోను నెమ్మదిగా నడిపితే పలుకులు ఒక మూలకు చేరి అక్కడే గిరగిరా తిరుగుతూ దిగడం కనిపిస్తుంది. నెల తర్వాత నల్లటి మడ్డి పేరుకునేది సరిగ్గా అక్కడే.

ఈ పరీక్ష చేసినవాళ్లు సాధారణంగా ఒక పెద్ద వేవ్‌మేకర్ తీసేసి రెండు చిన్నవి పెడతారు, చెరో కొసన. కొన్ని సెకన్లు ఇది, కొన్ని సెకన్లు అది. సముద్రంలో అల ఒక్క దిక్కునే ఉండదు కదా. ఒకటి చెడితే రెండోది ఊపిరి నిలుపుతుంది. నా దృష్టిలో అసలు లాభం అదే. రెండింటినీ ఇసుక వైపు కాకుండా కొంచెం పైకి తిప్పి, పైపొర అలల్లాడేలా పెట్టాలి. క్లౌన్ చేపలకు వేగంగా ఈదడం అంతగా చేతకాదు, వాటికి నిలబడే నీడ ఒకటి వదలాలి. టాంగ్ చేపలు మాత్రం ఎదురీతను ఇష్టంగా ఈదుతాయి.

మీటరు, వేడి

కరెంటు లెక్కకు ఒక అడ్డదారి ఉంది. రోజంతా నడిచే దేనికైనా వాట్లను 0.72తో గుణిస్తే నెలకు ఎన్ని యూనిట్లో వస్తుంది. రిటర్న్ పంపు 30 వాట్లు, వేవ్‌మేకర్ 7, కలిపి 37 వాట్లు: నెలకు దాదాపు 27 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 213 రూపాయలు. అదే పని 60 వాట్ల పాత ఏసీ పంపుతో చేయిస్తే నెలకు ఇంకో 170 పైన, ఏడాదికి రెండు వేలు. డీసీ పంపు ధర ఎక్కువని వెనకాడేవారు ఈ రెండు వేలు పక్కన పెట్టుకుని చూడాలి.

బిల్లులో కనిపించని ఖర్చు ఇంకోటుంది. నీళ్లలో మునిగి నడిచే పంపు తిన్న ప్రతి వాటూ చివరికి నీళ్లలో వేడిగానే మిగులుతుంది. ఎత్తడానికి వాడిన ఆ నాలుగు వాట్లు కూడా. సంప్‌తో కలిపి 230 లీటర్లకు 37 వాట్లంటే గంటకు 0.14 డిగ్రీలు. ఆ వేడి ఎటూ పోకపోతే రోజుకు 3.4 డిగ్రీలు. చేపలకు కావాల్సింది 25 నుంచి 27. మే నెల విజయవాడలో గది వేడే ముప్పై దాటి ఉంటే ఈ మూడు డిగ్రీలు ప్రాణాల మీదికొస్తాయి.

వేడిని బయటికి తీసుకుపోయేది ఎక్కువగా ఆవిరి. రోజుకు లీటరు నీళ్లు ఆవిరైతే అది 28 వాట్ల వేడిని పట్టుకుపోతుంది. మన 37 వాట్లకు లీటరుంబావు, లీటరున్నర మధ్య. నీటిపైకి చిన్న ఫ్యాను తిప్పితే హైదరాబాద్ ఎండాకాలపు పొడిగాలిలో ఇది తేలిగ్గా జరుగుతుంది. విశాఖలో గాలి అప్పటికే తడిగా ఉంటుంది, అదే ఫ్యాను అంత పని చేయదు, నీళ్లను చల్లబరిచే చిల్లర్ పెట్టక తప్పదు. చిల్లర్ వస్తే పంపు వాడే ప్రతి వాటుకూ రెండోసారి కరెంటు కడుతున్నట్టే. మోటారు గాజుకు బయటి వైపు ఉండి, అయస్కాంతంతో లోపలి ప్రొపెల్లర్‌ను తిప్పే వేవ్‌మేకర్లున్నాయి. మోటారు వేడి గదిలోకే పోతుంది. ధర ఎక్కువ, గాజు మందం ఎంత దాకా పనిచేస్తుందో చూసి కొనాలి. ఇంకో మాట, ఆవిరయ్యేవి నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి తగ్గిన మేర పోయాల్సింది ఆర్‌ఓ నీళ్లు, ఉప్పునీళ్లు కావు.

కరెంటు పోయినప్పుడు

కరెంటు పోగానే జరిగే మొదటి సంగతి ఆక్సిజన్ తగ్గడం కాదు, హాలు తడవడం. పంపు ఆగగానే రిటర్న్ పైపు వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. నాజిల్ నోరు గాలిలోకి తేలేదాకా తొట్టి నీళ్లు కిందికి దిగుతూనే ఉంటాయి. మన తొట్టి అడుగు 120 బై 45 సెంటీమీటర్లు, అంటే ఒక్కో సెంటీమీటరు ఎత్తుకూ 5.4 లీటర్లు. తొట్టి నీళ్లు సంప్‌లోకి పొర్లే పొంగుగట్టు కంటే నాజిల్ ఐదు సెంటీమీటర్లు కిందికి ఉంటే 27 లీటర్లు. గట్టు మీద నిలిచిన సెంటీమీటరు నీళ్లు ఇంకో 5, పైపుల్లోవి 2. మొత్తం 34. సంప్ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పుదైతే ఈ 34 లీటర్లకు మట్టం 19 సెంటీమీటర్లు లేస్తుంది. ముందే 15 దగ్గర ఉంది. సంప్ ఎత్తు అడుగు, అంటే 30. నాలుగు సెంటీమీటర్ల నీళ్లు నేల మీద!

ఎన్‌ఆర్‌వీ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఉప్పు గడ్డకట్టి, నాచు పట్టి అది సగమే మూసుకుంటుంది. నాజిల్‌ను పొంగుగట్టుకు సెంటీమీటరు కిందనే పెట్టండి, లేదా పైపుకు ఆ ఎత్తులో చిన్న రంధ్రం చేయండి; గాలి లోపలికి పోగానే లాగుడు ఆగిపోతుంది. అప్పుడు దిగేవి 13 లీటర్లు, సంప్ లేచేది 7 సెంటీమీటర్లు. కొత్త తొట్టి నింపిన రోజే ప్లగ్గు పీకి చూడండి, సంప్ పక్కన తువ్వాలు వేసుకుని.

ఆ తర్వాత ఊపిరి. ఆ 1.34 గ్రాముల ఆక్సిజన్ మీద తొట్టి ఎన్ని గంటలు లాగుతుందన్నది చేపల సంఖ్యను బట్టి ఉంటుంది, పందెం కాయదగ్గది మాత్రం కాదు. ఇంటి ఇన్వర్టర్ మీద రిటర్న్ పంపు అక్కర్లేదు, 7 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటి చాలు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో సగమే వాడుకున్నా 900 వాట్-గంటలు. ఫ్యాన్లు, లైట్లు నడిచాక కూడా 7 వాట్లు దానికి లెక్కలోకి రావు. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయితే ఏసీ పంపు రొదపెట్టి వేడెక్కుతుంది, అక్కడా డీసీదే నయం.

డబ్బు మిగులుతుందని కూలర్ పంపు తెచ్చి పెట్టేవాళ్లున్నారు. పెట్టొద్దు. అందులో ఇనుప ముక్క ఎక్కడున్నా ఉప్పునీళ్లు తినేస్తాయి, రాగి కరిగితే రొయ్యలు, నత్తలు బతకవు. సిరామిక్ షాఫ్టు, ఉప్పునీటికి పనికొస్తుందన్న మాట రాసి ఉన్న పంపే తీసుకోండి. తొట్టి ప్లగ్గులన్నీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ మీదకు మార్పించండి. తడి చెయ్యి తొట్టిలో పెట్టేది మనమే. వైరును ప్లగ్గు కంటే కిందికి వేలాడదీసి పైకి తిప్పితే, దాని వెంట జారే నీటిబొట్టు సాకెట్లోకి పోకుండా కిందనే రాలుతుంది.

బిగించాక ఒక్కసారి బకెట్ పరీక్ష చేసి అంకె రాసుకోండి. రిటర్న్ పైపు నోటి కింద, వీలైనంత అదే ఎత్తులో పది లీటర్ల బకెట్ పట్టుకుని నిండడానికి ఎన్ని సెకన్లో చూడండి. 36,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు లీటర్లు. 33 సెకన్లయితే 1,090, మన లెక్క సరిపోయినట్టు. మూడు నాలుగు నెలలకు అదే బకెట్ 45 సెకన్లు తీసుకుంటే 800కు పడిపోయింది. పంపు విప్పి, నీళ్లలో నిమ్మఉప్పు కలిపి నానబెడితే సున్నపు పొర కరుగుతుంది. పాత బ్రష్షుతో తోమి, మంచినీళ్లతో కడిగి మళ్లీ కొలవండి. అప్పటికీ 33 దగ్గరికి రాలేదంటే పంపు లోపలి రెక్కల చక్రం, ఇంపెల్లర్, అరిగి ఉండొచ్చు. అది విడిగా దొరికే మోడలేనా అన్న సంగతి మాత్రం పంపు కొనే రోజునే అడిగి పెట్టుకోవాలి.